మూల పగిలిన స్లైడు

పోయిన నెల నా ఎడమ దవడ కింద గోళీకాయంత వాపు వచ్చింది. హబ్సిగూడలో స్కానింగు తీయించుకుని డాక్టరు దగ్గరికెళ్తే, ఉమ్మి వచ్చే గొట్టంలో చిన్న రాయి అడ్డుపడిందని చెప్పాడు. నాకు నమ్మకం కుదరాలని ఒక నిమ్మచెక్క తెప్పించి నోట్లో పెట్టి, వాపు మీద వేలు ఆనించి కూర్చున్నాడు. పులుపు తగలగానే అది ఇంకాస్త ఉబ్బింది. ఆయన ముఖం చేటంత అయింది. నాకేమో నవ్వు ఆగలేదు. నొప్పికి ఏడవాల్సిన మనిషి నిమ్మచెక్క చప్పరిస్తూ కిలకిలా నవ్వుతుంటే ఆ కుర్రడాక్టరు కంగారుపడి, మీతో ఎవరైనా వచ్చారా అని అడిగాడు.

ఎవరూ రాలేదు. వచ్చింది మా మేడమ్ ఒక్కరే, అదీ నా తలకాయలో. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. కానీ ఇదే ఆట ఆవిడ మాచేత తొంభైల్లో ఆడించారు. అదీ ఒకేసారి తరగతి మొత్తం చేత.

ఎమ్మెస్సీ జువాలజీలో లాలాజల గ్రంథుల పాఠం మొదలయ్యే రోజది. మేడమ్ క్లాసులోకి వచ్చి, పుస్తకం తీయకుండా సంచిలోంచి ఒక పచ్చి చింతకాయ తీశారు. చిన్న చాకుతో పైచెక్కు గీకారు. పొట్లంలోని ఉప్పూకారం బల్ల మీద పరిచి, కాయ అందులో అద్ది, మా అందరి ముందూ తీరుబడిగా కొరుక్కుని తిన్నారు. ఒక కన్ను మూసి, నాలుక కొట్టి మరీ తిన్నారు. క్లాసంతా గుటకలు. ఇప్పుడు గుటక వేసినవాళ్లు చేతులెత్తండి అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. “చూశారా, అబద్ధాలాడేవాళ్లకి కూడా ఉమ్మి ఊరుతుంది. ప్రకృతికి పక్షపాతం లేదు” అని, అప్పుడు సుద్దముక్క అందుకున్నారు. చెవి ముందర ఒక జత, దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత. చెవి ముందుది నీళ్లలాంటి ఉమ్మినిస్తుంది, నాలుక కిందది జిగురునిస్తుంది, దవడ కిందది రెండూ కలిపి ఇస్తుంది. ఇన్నేళ్లకి నాకు రాయి అడ్డుపడింది ఆ దవడ కిందిదానికే.

ఆవిడది తెనాలి వైపు క్రైస్తవ కుటుంబం. తార్నాకలో కాపురం. ఆదివారం చర్చిలో పాటల బృందంలో ముందువరస. మిగతా ఆరురోజులూ మా యూనివర్సిటీలో మేకల పేగులు. రెండు చోట్లకీ అవే గంజి పెట్టిన నేత చీరలు కట్టుకుని వచ్చేవారు. చేతివేళ్ల చివర్లు మాత్రం ఎప్పుడూ ఊదారంగులో ఉండేవి. స్లైడ్లకి వేసే రంగు అది, ఏ సబ్బుకీ లొంగదు. ఒకసారి సీతాఫల్‌మండి మీదుగా వెళ్లే బస్సులో కండక్టరు ఆ వేళ్లు చూసి, “ఎలచ్చన్లు ఎప్పుడైనయ్ అమ్మా?” అని అడిగాడు. పది వేళ్లూ చూపించి, పది ఓట్లు వేశాను నాయనా, అందరూ ఓడిపోయారు అన్నారు.

మాట్లాడేది నాలుక కాదు, ఉమ్మి అని ఆవిడ సిద్ధాంతం. ఎండిన నోటితో ఒక్క మాట స్పష్టంగా అనండి చూద్దాం అనేవారు. డిపార్టుమెంటు మీటింగుల్లో మా హెడ్డు గారికి కోపం వచ్చి మాట తడబడితే, ఆవిడ మంచినీళ్ల గ్లాసు మెల్లగా ఆయన ముందుకి జరిపేవారు. కోపంలో గ్రంథులు పనిమానేస్తాయి సార్, కాస్త తడుపుకుని తిట్టండి అని సలహా. ఆ తర్వాత తిట్టడం ఎవరివల్లా అయ్యేది కాదు.

ఎమ్మెస్సీ అయ్యాక నేను ఆవిడ దగ్గరే పరిశోధనకి చేరాను. మాది ప్రొద్దుటూరు, ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. నా పరిశోధనేమో మేక లాలాజల గ్రంథుల మీద. మా నాన్న అడిగినవాళ్లందరికీ “మా పాప డాక్టరేటు చేస్తాంది” అని చెప్పుకునేవాడు. దేనిమీదని అడిగితే మాత్రం వానల సంగతి ఎత్తేవాడు.

చేరిన వారానికే మేడమ్ నన్ను తార్నాకలో మటన్ కొట్టుకి వెంటబెట్టుకెళ్లారు. ఆవిడకి కావలసింది అప్పుడే కోసిన మేక పొట్ట, పేగు, దవడ పక్క గ్రంథులు. కడగకూడదు, గీకకూడదు. గీకితే లోపలిపొర ఊడిపోతుంది, చూడాల్సింది ఆ పొరనే. కొట్టతను ప్రతిసారీ నెత్తి కొట్టుకునేవాడు. “సున్నం వెట్టి గీకి తెల్లగ చేసి ఇస్త మేడం. గిట్ల తీస్కపోతే ఎట్ల తింటరు?” అని బతిమాలేవాడు. ఇది తినేది కాదు బాబూ, చూసేది అని ఈవిడ ఓపిగ్గా చెప్పి, అక్కడే నిలబడి ముక్కల్ని సీసాలోని పచ్చటి మందులో వేసేవారు. పక్కన బేరానికి వచ్చినవాళ్లు అది మామిడికాయ ఊరగాయ అనుకుని తొంగిచూసి, రెండడుగులు వెనక్కి వేసేవారు. మళ్లీ ఆదివారం చర్చి కాగానే ఆవిడే వెళ్లి బోటీ అడిగితే అతను కత్తి పక్కన పెట్టి, ఇవాళ తినేదా చూసేదా అని తేల్చుకున్నాకే కోసేవాడు. మొదటిరోజు నేను ముక్కు మూసుకుని నిలబడ్డాను. ముక్కు మూస్తే నోరు తెరవాలమ్మాయ్, ఈ కొట్లో ఏది మేలో నువ్వే ఆలోచించుకో అన్నారు. ముక్కే తెరిచాను.

మా ల్యాబు కింది అంతస్తులో చివరి గది. కోసిన ముక్కల్ని అక్కడ కరిగిన మైనంలో ముంచి, గట్టిపడ్డాక ఒక యంత్రం మీద ఉల్లిపొర కంటే పలచగా కోస్తాం. ఒక పొర అంచుకి ఇంకో పొర అంటుకుని సన్నటి రిబ్బనులా వస్తుంది. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. అందుకని ఆ గదిలో ఫ్యాను నిషిద్ధం. ఏప్రిల్ ఎండల్లో సైతం చెమటలు కక్కుతూ, దగ్గు వస్తే వరండాలోకి పరుగెత్తి దగ్గి వచ్చేవాళ్లం. ఆ రిబ్బనుని గాజుపలక మీద అంటించడానికి కోడిగుడ్డు తెల్లసొన రాయాలి. తెల్లసొన సైన్సుకి, పచ్చసొన మా అటెండరుకి. అతను సీతాఫల్‌మండి నుంచి సైకిలు మీద వచ్చేవాడు. పొద్దున మేడమ్ కంటే ముందు గది తెరిచి మైనం పెట్టె వెలిగించేది అతనే కాబట్టి, రెండో తాళంచెవి ఒకటి అతని మొలతాడుకి వేలాడుతూ ఉండేది.

ఇక మా వాళ్ల ఘనకార్యం ఒకటి చెప్పాలి. ప్రాక్టికల్ పరీక్షలో మైక్రోస్కోపులు వరసగా పెట్టి, ఒక్కోదాని కింద ఒక్కో స్లైడు పెడతారు. గంట కొట్టేలోగా చూసి అదేమిటో రాసి, పక్కదానికి జరగాలి. స్పాటర్లంటారు వాటిని. మా డిపార్టుమెంటు స్లైడ్లు ఎన్నో ఏళ్లనాటివి, ఒక్కోదానికి ఒక్కో అవలక్షణం. మూల పగిలినది డుయోడినం, అంటే చిన్నపేగు మొదటి భాగం. గాలిబుడగ ఉన్నది ఇలియం, అంటే చిన్నపేగు చివరి భాగం. సిరా మరక ఉన్నది చెవి ముందు గ్రంథి. లేబులు వంకరగా అంటించింది నాలుక. హాస్టల్లో సీనియర్లు జూనియర్లకి బకెట్టుతో పాటు ఈ విద్యని కూడా అప్పగించి వెళ్లేవాళ్లు. కాబట్టి మైక్రోస్కోపులో కన్ను పెట్టకుండానే ఫస్టుక్లాసు తెచ్చుకున్న మహానుభావులు మాకు తరానికి పదిమంది.

మేడమ్‌కి ఇది తెలియదా అంటే శుభ్రంగా తెలుసు. స్లైడ్లు మార్చరేమని అడిగితే, దొంగల్ని పట్టడం పోలీసుల పని, నాది వాళ్లు మెలికలు తిరగడం చూసే పని అన్నారు. వైవాలో ఆవిడది ఒకటే ప్రశ్న. ఏం చూసి చెప్పావు? అంతే. నిజం ఒప్పుకున్నవాడు పాస్. కథలల్లినవాణ్ణి ఇంకా ఇంకా అల్లనిచ్చి, ఆఖర్న వాడినీ పాస్ చేసి, “గాజు చూశావు నాయనా, లోపల చూడలేదు” అని సాగనంపేవారు.

నా పరిశోధన సగంలో ఉండగా పిడుగు పడింది. అప్పటికి ఎక్కడ విన్నా జీన్లు, డీఎన్ఏ. పేగుల్ని కోసి రంగులేసి చూడటం తాతలనాటి పని అయిపోయింది. మా చివరి గదిని ఖాళీ చేయించి, ఏసీలు బిగించి కొత్త ల్యాబు పెట్టాలని పైన నిర్ణయించారు. గది చూసి సరేననడానికి ముగ్గురు పెద్దలతో ఒక కమిటీ వేశారు. ఆ యంత్రాన్ని ఇంకో చోట పెట్టే దిక్కు లేదు. గది పోతే నా థీసిస్ సగంలోనే ఆగిపోతుంది. రిటైర్మెంటుకి ఇంకా కొన్నేళ్లున్న మేడమ్‌కి కూర్చుని చేసే పనంటూ ఉండదు. నాకు అన్నం సహించలేదు. ఆవిడ మాత్రం కమిటీ ఛైర్మన్ పేరు వినగానే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. ఆయన ఆవిడ పాత శిష్యుడు. మన మూల పగిలిన స్లైడు చలవతో ఫస్టుక్లాసు తెచ్చుకున్నాడమ్మాయ్ అన్నారు.

కమిటీ రావడానికి ముందురోజు మధ్యాహ్నం ఆవిడ ఒక కుట్ర చేశారు. గాలిబుడగ లేని ఇలియం స్లైడు ఒకటి తీసుకుని, వజ్రం మొనున్న పెన్సిలుతో గీసి, దాని మూల కూడా సరిగ్గా పాత డుయోడినం స్లైడులాగే విరగ్గొట్టారు. పాతదాని లేబులు ఎప్పుడో రాలిపోయింది కాబట్టి దీని లేబులు కూడా నానబెట్టి ఊడదీశారు. రెండూ పక్కపక్కనే ట్రేలో పెట్టి మురిసిపోయారు. ఆ తర్వాత టీ వచ్చింది. టీ తాగుతూ స్పాటర్లు సర్దారు.

మర్నాడు కమిటీ వచ్చింది. ఛైర్మన్ గారు నెరిసిన జుట్టు, మెరిసే బూట్లు. గదంతా కలయజూసి, మేడమ్ ఈ రోజుల్లో సెక్షన్లు చూసి చెప్పగలిగేవాళ్లు ఎవరున్నారు, ఎవరికి అవసరం అన్నారు మర్యాదగానే. ఈవిడ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నారు. అయితే మీరు ముగ్గురూ ఒకసారి స్పాటర్లు చూడండి, ఒక్కరు అన్నీ సరిగ్గా చెప్పినా తాళంచెవి చేతిలో పెట్టేస్తాను, చెప్పకపోతే గది నాదే అన్నారు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. కాదంటే పరువు పోతుంది. అటెండరు గంట పట్టుకుని నిలబడ్డాడు.

మిగతా ఇద్దరూ మూడో బల్ల దగ్గరే మునిగిపోయారు. ఒకాయన నాలుకని చూసి చర్మం అన్నారు. ఛైర్మన్ గారు మాత్రం పాత అలవాటుతో ఒక్కోటి టకటకా చెప్పుకుంటూ ఆఖరి బల్ల దగ్గరకొచ్చారు. స్లైడు మూల చూశారు. కన్ను పెట్టకుండానే డుయోడినం అన్నారు.

మేడమ్ ముఖం వెలిగిపోయింది. నా గుండె కుదుటపడింది. ఉచ్చులో పడ్డాడు, గది మనదే.

“ఏం చూసి చెప్పావు నాయనా?” అన్నారావిడ.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం చెప్పలేదు, అది ఆయన గొప్పతనం. గాజే చూశానన్నారు. అప్పుడు కూడా గాజే చూసి రాశానన్నారు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, స్టూలు లాక్కుని కూర్చుని, మొదటిసారి కన్ను ఆనించి చూశారు. చాలాసేపు చూశారు. చూపు మార్చి, స్లైడు జరిపి, మళ్లీ చూశారు. అటెండరు గంట సంగతే మర్చిపోయాడు.

“డుయోడినమే మేడమ్” అన్నారు తలెత్తి.

మళ్లీ చూడమన్నారు ఈవిడ, జాలిగా.

“చూశాను మేడమ్. అడుగు పొరలో గ్రంథులు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఇలియంలో ఇవి ఉండవు కదా. మీరే చెప్పారు, నేనే వినలేదు.”

మేడమ్ వచ్చి వంగి చూశారు. ఆ గుత్తులు నిజంగానే ఉన్నాయి. ముందురోజు టీ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో మూల పగిలిన స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది ఆవిడే. రెండింటికీ మూల పగిలి ఉంది. రెండింటికీ లేబులు లేదు. తన కుట్ర మీద అంత నమ్మకంతో, ఏది తీశానా అని కన్ను పెట్టి చూసుకోలేదు. పక్కనే నిలబడ్డ నేనూ చూడలేదు.

ఆవిడ తలెత్తి మంచినీళ్లు అడిగారు. గ్లాసు ఖాళీ చేశాక నవ్వడం మొదలుపెట్టారు. చర్చిలో పాడే గొంతు, గది అదిరిపోయింది. “నేనూ గాజే చూశాను నాయనా. లోపల చూసింది నువ్వొక్కడివే” అన్నారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టారు. గది పోగొట్టుకున్న మనిషిలా లేరు. ఏదో పెద్ద బహుమతి గెలుచుకున్నట్టున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇద్దరి మీదా సమానంగా మండింది.

ఛైర్మన్ గారు తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసి, ప్యాంటు జేబులో వేసుకుని వెళ్లిపోయారు. గది స్వాధీనమైందని రాసేశారు కూడా. నేను సింకు దగ్గర నిలబడి ఏడుస్తుంటే మేడమ్ వచ్చి, ఏ గ్రంథిలోంచి వస్తున్నాయో చెప్పి ఏడువమ్మాయ్ అన్నారు.

మర్నాడు పొద్దున, నా సీసాలైనా తెచ్చుకుందామని వెళ్లేసరికి గది తెరిచే ఉంది. మైనం కరుగుతోంది. మేడమ్ కుర్చీలో కూర్చుని రిబ్బను కోస్తున్నారు. ఇదేంటని అటెండరుని అడిగితే, “సారు మేడం చెవి తీస్కపోయిండు. నాదెవ్వలు అడగలే గద” అన్నాడు.

ఆఫీసువాళ్లు కొత్త ల్యాబు పనులు మొదలుపెట్టడానికి తాళంచెవి పంపమని ఛైర్మన్ గారికి కబురు చేశారు. ఈసారి వచ్చినప్పుడు నా చేత్తోనే అప్పగిస్తానని ఆయన జవాబిచ్చారు. ఆ ఈసారి రాలేదు. మళ్లీ కబురు చేస్తే మళ్లీ అదే జవాబు. తాళం పగలగొట్టిద్దామని ఎవరో అన్నారు. యూనివర్సిటీలో తాళం పగలగొట్టాలంటే దానికో కమిటీ వెయ్యాలి. వేశారు. ఛైర్మన్‌గా ఆ గది సంగతి తెలిసినాయన్నే వేశారు. ఆయనకి దానికీ తీరిక దొరకలేదు.

అలా కొన్నేళ్లపాటు మేము లేని గదిలో పనిచేశాం. కిటికీల పక్కగా ఎవరైనా వస్తుంటే అటెండరు దగ్గేవాడు, మేము యంత్రం ఆపి పిల్లుల్లా కూర్చునేవాళ్లం. హెడ్డు గారికి తెలియదంటే నేను నమ్మను. ఆయన ఆ వరండాలోకి రావడమే మానేశారు. ఛైర్మన్ గారు కావాలనే చేస్తున్నారా అని ఒకసారి మేడమ్‌ని అడిగాను. ఆ సంగతి అడిగి వాడి పరువు తియ్యకు, నీ రిబ్బను చూసుకో అన్నారు.

నా థీసిస్ పూర్తయింది. డాక్టరేటు వచ్చింది. ఆ ఏప్రిల్ నెలాఖరుకి మేడమ్ రిటైరవుతున్నారనగా, ఛైర్మన్ గారికి ఉన్నట్టుండి తీరిక దొరికింది. తాళంచెవి పట్టుకుని వచ్చారు. గదిని స్వాధీనం చేసుకోవడానికి ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చారు. ఏళ్ల తరబడి మూసిన గది కదా, దుమ్ముకి భయపడి ముక్కుకి రుమాలు కట్టుకుని తయారుగా ఉన్నారు. అటెండరు తాళంతో కాసేపు కుస్తీ పట్టాడు, తుప్పు పట్టిందన్నాడు. నవ్వు ఆపుకోవడానికి నేను గోడవైపు తిరిగాను. మేడమ్ నావైపు చూడలేదు. చూసి ఉంటే ఇద్దరం దొరికిపోయేవాళ్లం.

తలుపు తెరుచుకుంది. బల్లలు అద్దాల్లా ఉన్నాయి. సింకులో తడి ఆరలేదు. అధికారి రుమాలు విప్పి, బల్ల మీద వేలు గీసి, ఆ వేలు చూసుకున్నారు. తర్వాత మైనం పెట్టె మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశారు. ఆ పొద్దున్నే మేడమ్ తన ఆఖరి రిబ్బను కోశారు. పెట్టె ఇంకా చల్లారలేదు.

ఆయన మా అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూశారు.

“మూసిపెట్టిన గది, పైగా ఏప్రిల్ ఎండలు. కాగిపోదా సార్?” అన్నారు మేడమ్.

ఛైర్మన్ గారు కూడా వచ్చి పెట్టె మీద చెయ్యి పెట్టారు. తీయలేదు, అలాగే ఉంచారు. అధికారి గొంతు సవరించుకుని, గది ఎప్పటినుంచి మూతబడి ఉన్నట్టు రాసుకోమంటారు సార్ అని అడిగారు.

ఆయన ఒకసారి మేడమ్ వైపు, ఆవిడ ఊదారంగు వేళ్ల వైపు చూశారు.

“ఇవాళ్టినుంచి” అన్నారు.